ఎంగిలి గొంతు

"నువ్వే కదమ్మా రావద్దన్నావు," అంది కూతురు మళ్ళీ.

మొదటిసారి అన్నప్పుడు తనే సరిగ్గా వినలేదేమో అనుకుంది మైకమ్మ. రెండోసారి అదే మాట అంతే నెమ్మదిగా వచ్చేసరికి చేతిలోని గ్లాసు టేబుల్ మీద పెట్టేసింది.

పిల్ల లోపలికి వచ్చి చాలాసేపయింది. ఇంకా ఎవరూ కూర్చోలేదు. భుజాన ఉన్న సంచి భుజానే ఉంది. ఎడమ మణికట్టుకి వేసిన పట్టీ వేళ్ళ మొదళ్ళ దాకా వచ్చింది. ఆ వేళ్ళు మడత పడటం లేదు. వాటి వంక చూడకుండా ఉండటానికి ఇంట్లో వాళ్ళు తలా ఓ దిక్కు చూస్తున్నారు.

మైకమ్మ మెడలో తాడుకి వేలాడుతున్న ఫోన్ అందుకుని టైపు చేసింది. ఫోన్ మాట్లాడింది.

"నేనా? నేనెప్పుడన్నాను?"

ఆ గొంతు ఆమెదే. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఇన్నేళ్ళుగా ఊరందరికీ చెప్పిన గొంతు. మైకమ్మ అన్న పేరు కూడా రైల్వే స్టేషన్ వాళ్ళు పెట్టిందే. జబ్బు చేసి గొంతులో స్వరపేటిక తీసేశాక, ఆస్పత్రిలో మాటలు నేర్పించే అమ్మాయి ఒకతె స్టేషన్ నుంచి పాత రికార్డింగులు తెప్పించి, వాటితో ఆమె గొంతును మళ్ళీ తయారుచేసి ఫోన్‌లో పెట్టింది. ఏం టైపు చేస్తే అది ఆమె గొంతుతోనే పలుకుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళతోనే కాదు, ఫోన్ చేసినా అవతలి వాళ్ళకి ఆ గొంతే వినిపిస్తుంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో "నీ ఫోనేదీ" అని ఎవరూ అడగరు. "నీ గొంతేదీ" అనే అడుగుతారు.

"ఎప్పుడంటావేంటమ్మా," అంది కూతురు. "అత్తారింట్లోంచి బయటపడి బస్టాండులో కూర్చుని నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి నువ్వే చేశావు."

"మాట వరసకి అంటున్నానే అమ్మాయ్," అంది మేనత్త వంటింటి గుమ్మంలోంచి. "ముందు ఆ సంచి దించు. రెండు ముద్దలు తిను. తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

"తినడానికి రాలేదత్తా. నా సర్టిఫికెట్లు బీరువాలో ఉండిపోయాయి. అవి తీసుకుని పోతాను. వేరే ఊళ్ళో హాస్టల్ చూసుకున్నాను."

తండ్రి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. చొక్కా గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయని వచ్చినవాళ్ళందరికీ చెప్పి పంపిస్తాడు.

మైకమ్మ కూతురి దగ్గరికి వెళ్ళి, సంచి పట్టుకుని, ఫోన్‌లో రెండు మాటలు కొట్టింది.

"ఏమన్నాను? చెప్పు."

కూతురు నేల వంక చూస్తూ చెప్పింది. అప్పజెప్పినట్టు చెప్పింది. ఎన్నిసార్లు లోపల్లోపల అనుకుందో మరి.

"అమ్మాయ్, నువ్విప్పుడు ఇక్కడికి రావద్దు. నేనే మంచం మీద ఉన్నాను. ఈ ఇంట్లో నీకు చోటు లేదు. మాట వరసకి ఏదో అన్నాడని, ఓసారి చెయ్యి చేసుకున్నాడని గడప దాటేస్తావా. వెనక్కి వెళ్ళు. సర్దుకో." ఆగింది. "అంతేనమ్మా. ఒక్కసారి వీడియోలో కనబడమని బతిమాలాను. పెట్టేశావు."

పట్టీ వేసిన చెయ్యి ముందుకు చాపింది.

"వెనక్కి వెళ్ళాను. నవ్వుతూనే తలుపు తీశాడు. వారం తిరక్కుండా అదే తలుపు సందులో నా చెయ్యి పెట్టి నొక్కాడు."

ఆ చేతులే దాని బతుకు. ఫిజియోథెరపీ చదివింది. పడిపోయిన కాళ్ళనీ బిగుసుకుపోయిన భుజాలనీ ఆ వేళ్ళతోనే మళ్ళీ కదిలించేది. వచ్చిన జబ్బు నయమై ఇంటికెళ్ళేవాళ్ళు దాని చేతులు పట్టుకుని మరీ వెళ్ళేవాళ్ళు.

మైకమ్మకి ఆ వారం గుర్తొచ్చింది. రెండో ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన వారం. జ్వరంతో కళ్ళు తెరవలేని రోజులు. గొంతుని హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి తను గదిలో పడుండేది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా కూతురు ఎత్తలేదు. "దానికి సంసారం, ఉద్యోగం, తీరికెక్కడిది," అన్నాడు భర్త. నమ్మింది.

తను పిల్లని ఏనాడూ 'అమ్మాయ్' అనలేదు. పుట్టిన దగ్గర్నుంచీ పిచ్చుకే.

ఆమె తల తిప్పి వంటింటి గుమ్మం వంక చూసింది. కూతురూ చూసింది. ఆ ఇంట్లో అమ్మాయ్ అని పిలిచేదెవరో, మాట వరసకి అనకుండా మాట మొదలుపెట్టనిదెవరో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వదిన చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. ఒక్కసారి తమ్ముడి వంక చూసింది. ఆయన కళ్ళజోడు వెలుతురుకి ఎత్తి పట్టుకుని అద్దంలో ఏదో వెతుకుతున్నాడు.

"ఆ," అంది వదిన. "నేనే."

"అక్కా," అన్నాడు ఆయన. కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎంత పని చేశావు."

వదిన చెంగు వదిలేసింది.

"నీ మరిది కొడుకని, నువ్వు కుదిర్చిన సంబంధమని, నీ పరువు పోతుందని నా కూతురి గొంతు కోస్తావా? నీకు ఇంట్లో చోటిచ్చినందుకు ఇదా నువ్వు చేసేది?"

ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడడు. వదిన తల దించుకుని నిలబడింది, పరీక్ష తప్పిన పిల్లలా.

మైకమ్మ ఫోన్‌లో ఏదో టైపు చేసింది. చెరిపేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ చెరిపేసింది. ఆమె మెడ దగ్గరి రంధ్రంలోంచి ఊపిరి ఎగదన్నే చప్పుడొకటే వినిపించింది. చివరికి ఫోన్ పలికింది. స్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పేటప్పుడు ఎలా పలికేదో అలాగే, ఏ తొట్రుపాటూ లేకుండా పలికింది.

"నా గొంతు ఎంగిలి చేశావు వదినా."

మెడలోంచి తాడు తీసేసి ఫోన్ సోఫా మీద పడేసింది. కూతురి సంచి తీసుకుని గదిలోకి నడిచింది.

*

ఆ తర్వాత మైకమ్మ మాట్లాడటం మానేసింది.

కావలసిన వాటికి చెయ్యి చూపించేది. అక్కర్లేని వాటికి అదీ లేదు. కూతురికి మాత్రం అరచేతిలో వేలితో రాసి చెప్పేది. వెళ్ళకు, అని మొదట రాసింది. కూతురు ఆ అరచెయ్యి మూసుకుంది. తర్వాత సంచిలోంచి బట్టలు తీసి అలమరలో పెట్టుకుంది.

రోజూ ఉదయం, సాయంత్రం గొంతు దగ్గర గొట్టం శుభ్రం చేయాలి. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆ పని వదినదే. మర్నాడు మైకమ్మ తనే అద్దం ముందు నిలబడి చేసుకోబోయింది. గొట్టం పక్కకి తగిలి దగ్గు పుట్టింది. దగ్గీ దగ్గీ కళ్ళు తేలేసింది. కూతురు ఒక్క చేత్తో పట్టుకోలేకపోయింది. ఎవరూ పిలవకుండానే వదిన వచ్చి, గొట్టం తీసి, కడిగి, తుడిచి, పెట్టి వెళ్ళిపోయింది.

"తల పైకెత్తు," అంది. అంతే.

అన్నిటికంటే అదే ఎక్కువ మండింది మైకమ్మకి. తన గొంతు దొంగిలించిన చేతికే రోజూ రెండు పూటలా గొంతు అప్పజెప్పాలి. తల పైకెత్తి, కళ్ళు పైకప్పుకి అంటించి, ఆ వేళ్ళు మెడ మీద కదులుతుంటే ఊపిరి బిగబట్టాలి. అలా పైకి చూస్తూ ఏం చేస్తే ఈవిడకి తెలుస్తుందా అని ఆలోచించేది.

కొట్టడం, తిట్టడం, ఇంట్లోంచి పంపేయడం, ఏదీ సరిపోదు. ఆ బస్టాండులో తన పిల్ల కూర్చున్నట్టు ఈవిడ కూర్చోవాలి. తన గొంతు తనని కాదని ఎక్కడో ఏదో అనేసిందని తెలిసిన రోజున మనిషికి ఎలా ఉంటుందో అలా ఉండాలి.

"అక్కని పంపించేద్దామంటే పంపించేద్దాం," అన్నాడు భర్త ఒక సాయంత్రం, మంచం అంచున కూర్చుని. "వాళ్ళ అత్తవారిల్లు ఉండనే ఉందిగా. అక్కడ ఆవిడ మాటంటే ఇప్పటికీ విలువే. నీ ఇష్టం. నువ్వెలా అంటే అలా."

మైకమ్మ ఆయన వంక చూసింది. ఆయన ఓపిక చూస్తే ముచ్చటేసింది.

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన పుట్టింది.

వదినకి భర్త పోయాక మిగిలింది ఆ అత్తవారింటి గౌరవమే. ఆదివారం వస్తే మరిది ఇంటికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడుతుంది. వాళ్ళు పెద్దమ్మా పెద్దమ్మా అంటుంటే ఆవిడ మొహం విచ్చుకుంటుంది. ఎప్పటికైనా తమ్ముడి పంచన కాకుండా తన ఇంట్లోనే పోవాలని ఆవిడ కోరిక. ఆ తలుపు మూసేస్తే చాలు. దాన్ని ఆవిడ గొంతుతోనే మూయించాలి.

*

సోఫా మీద పడున్న ఫోన్‌ని మైకమ్మ మళ్ళీ చేతికి తీసుకుంది. చేతికి రాగానే బొటనవేలు దానంతటదే దాని చోటికి పోయింది. ఆ కొద్దిరోజులూ చేతికి ఏదో తక్కువైనట్టే ఉంది ఆమెకి.

వదినకి అక్షరాలు ఒత్తడం రాదు. కళ్ళూ ఆనవు, వేళ్ళూ తిరగవు. తను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఏది చెప్పాలన్నా మైక్ బొమ్మ నొక్కి మాట్లాడి పంపేది. ఆ పాత మెసేజ్‌లను తెర మీద పైకి జరుపుతూ మైకమ్మ ఒక్కొక్కటే విన్నది. జావ పంపించాను, చల్లారకముందే తాగు. డాక్టరేమన్నాడు. నర్సుని గట్టిగా అడుగు, నోర్మూసుకుని పడుకోకు. మాట వరసకి అంటున్నా, నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఇల్లులా లేదు అమ్మాయ్.

చివరిది రెండోసారి విన్నది. కళ్ళెదురుగా గదిలో కూతురు ఎడమ చేతిని వేడినీళ్ళలో ముంచి వేళ్ళు వంచడానికి ప్రయత్నిస్తోంది. పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటోంది.

ఆ మెసేజ్ కూడా మిగతా వాటితో పాటు ఎంచింది.

గొంతు పలికించే యాప్‌లో 'కొత్త గొంతు చేర్చండి' అని ఒకటుంది. ఎంచినవన్నీ అందులో చేర్చింది. ఈ గొంతు గల వ్యక్తి అనుమతి ఉందా, అని అడిగింది యాప్. ఉంది, అని నొక్కింది. నొక్కుతూ నవ్వుకుంది. తన విషయంలో ఎవరడిగారు?

స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఫోన్ చెవికి ఆనించుకుని మొదటి మాట పలికించింది.

"నేను దొంగని," అంది వదిన గొంతు.

అచ్చం ఆవిడే. మాట చివర కొంచెం సాగదీత. మధ్యలో ముక్కులోకి పోయే జీర. మళ్ళీ నొక్కింది.

"నేను దొంగని."

బకెట్ నిండి నీళ్ళు పాదాల మీదికి వచ్చేదాకా ఆ గొంతుతో అదే మాట అనిపిస్తూ నిలబడింది.

*

మధ్యాహ్నం. భర్త షాపులో ఉన్నాడు. కూతురు చెయ్యి చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. వదిన భోంచేసి హాల్లో చాప మీద నడుం వాల్చింది. మైకమ్మ గది తలుపు దగ్గరగా వేసుకుని అల్లుడికి ఫోన్ చేసింది.

"ఏంటి, ఇప్పుడు గుర్తొచ్చానా?" అన్నాడు అల్లుడు, మైకమ్మ నంబరు చూసి. వెనకాల వర్క్‌షాపులో ఏదో యంత్రం గీపెడుతోంది.

"నేనురా, పెద్దమ్మని," అంది వదిన గొంతు. "నా ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. మా మరదలి ఫోన్ నుంచి చేస్తున్నా."

"ఓ, పెద్దమ్మా." వాడి గొంతు మెత్తబడింది. "చెప్పండి. ఏమంటోంది మహారాణి? ఎప్పుడొస్తానంటోంది?"

మైకమ్మ వేళ్ళు పరుగెత్తాయి. ఏం చెప్పాలో రాత్రే అనుకుని పెట్టుకుంది.

"రాదు. నేను రానివ్వను. ఆడపిల్ల చెయ్యి తలుపు సందులో పెట్టి నలిపేసిన వాడివి, నువ్వు మనిషివా? నిన్ను ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చినందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి."

యంత్రం ఆగిపోయింది. వాడు బయటికి నడిచినట్టున్నాడు.

"ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"మీ అమ్మకీ చెప్పు, మీ నాన్నకీ చెప్పు. ఆ ఇంటి గడప ఇక నేను తొక్కను. ఆ ఇంటి నీళ్ళు ముట్టను. నువ్వు చేసిందంతా పోలీస్ స్టేషన్‌కెళ్ళి నేనే చెప్తాను. సాక్షి సంతకం నేనే పెడతాను."

"ఏంటి పెద్దమ్మా, లైన్ ఆగి ఆగి వస్తోంది. ఎవరైనా పక్కన కూర్చుని చెప్పిస్తున్నారా?"

"ఎవరూ లేరు. ఇది నా మాటే."

అల్లుడు నవ్వాడు. లోపల భయం ఉన్నవాడు నవ్వే నవ్వు.

"భలే. మీరిప్పుడు నీతులు చెప్తున్నారు. ఆ రోజు ఆ ఫోన్ చేసిందెవరు? పక్కన కూర్చుని మాటలందించింది మీరు కాదా?"

మైకమ్మ వేలు ఆగింది.

"మావయ్యే చెప్పాడు నాకు. 'మా అక్కయ్య చెబుతుంటే నేను టైపు చేశానయ్యా, అమ్మ గొంతు కదా, ఇంకేం మాట్లాడలేకపోయింది, వెనక్కి వస్తోంది, కాస్త చూసుకో' అన్నాడు. మళ్ళీ ఆయనే, 'ఇంట్లో ఒక జబ్బు చాలు, దీన్ని కూడా నెత్తినేసుకోలేను' అన్నాడు. పోలీస్ స్టేషన్‌కా? పదండి. మీ తమ్ముణ్ణి కూడా వెంటపెట్టుకుని రండి. ఆ సంతకం ఆయన చేత పెట్టిద్దాం."

మైకమ్మ చేతిలో ఫోన్ వేడిగా ఉంది. ఏదో ఒకటి టైపు చేయాలి.

"హలో. పెద్దమ్మా. ఉన్నారా?"

పెట్టేసింది.

అక్షరాలు ఒత్తడం రాదు వదినకి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. తనకీ తెలుసు. నాలుగు రోజులుగా ఆవిడ పంపిన మాటలు వింటూ కూడా తనకి తట్టలేదు. కోపం కళ్ళకి అడ్డం పడిపోయింది. ఆ రోజు వదిన ఒక్కసారి తమ్ముడి వంక చూసిన చూపు, ఆయన అద్దం ఎత్తి పట్టుకున్న తీరు, ఆ తర్వాత ఆయన అక్క మీద లేచిన లేవడం, ఒక్కొక్కటే ఇప్పుడు వచ్చి మైకమ్మ ఎదురుగా నిలబడ్డాయి.

*

హాల్లో వదిన ఫోన్ మోగింది.

"నేనా?" అంటోంది వదిన, నిద్ర మత్తు వదలని గొంతుతో. "నేనెప్పుడన్నాను? ఇప్పుడే కదా పడుకున్నాను... లేదమ్మా, నా మాట విను... మరిదికివ్వు ఫోను. ఒక్కసారి మరిదికివ్వు."

అవతల తోటికోడలు కాబోలు, అరుపులు గది దాకా వినిపిస్తున్నాయి. కాసేపటికి అవి ఆగిపోయాయి. వదిన మళ్ళీ చేసింది. వాళ్ళు ఎత్తలేదు. ఇంకోసారి చేసింది.

తర్వాత గది తలుపు తెరుచుకుంది.

వదిన లోపలికి వచ్చి మైకమ్మ చేతిలో ఉన్న ఫోన్ వంక చూసింది.

"అది నా గొంతుతో కూడా మాట్లాడుతుందా?" అని అడిగింది.

మైకమ్మ తల ఊపింది.

"అచ్చం నాలాగే?"

మళ్ళీ ఊపింది.

వదిన మంచం అంచున కూర్చుంది. కూర్చుంటే ఆవిడ పాదాలు నేలకి పూర్తిగా ఆనలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ అంత చిన్న మనిషని మైకమ్మ ఎప్పుడూ గమనించలేదు.

"సరే," అంది వదిన. "చెల్లుకి చెల్లు. నేను నిన్నేమీ అనను."

మైకమ్మ తన సొంత గొంతుకి మార్చింది. ఎంగిలైందని పక్కన పెట్టిన గొంతుతో, ఇన్నాళ్ళ తర్వాత, ఒక్క మాట అడిగింది.

"టైపు చేసిందెవరు వదినా?"

వదిన కిటికీ వంక చూసింది. ఎదురింటి డాబా మీద ఎవరో తడి దుప్పటి దులుపుతున్నారు.

"మాటలు నావే. కాదనను. వాడొచ్చి, ఆడవాళ్ళయితే ఎలా అంటారో చెప్పక్కా అన్నాడు. చెప్పాను. వాడు కొట్టుకుంటూ పోయాడు. నీ గొంతు పైకి వచ్చేసరికి నాకు గుండె ఆగినంత పనయింది. ఆపరా అన్నాను. అప్పటికే అది అవతల ఏడుస్తోంది."

"మరి నేనే అని ఎందుకన్నావు?"

"వాడు నాకు అన్నం పెడుతున్నాడు అమ్మాయ్," అంది వదిన. "అక్కడా లేదు, ఇక్కడా లేదు అంటే నేనెక్కడికి పోను?"

అన్నాక ఆవిడకే తట్టింది. ఇప్పుడు అక్కడ నిజంగానే లేదు. ఆవిడ మొహంలో అది తట్టడం మైకమ్మకి కనిపించింది. నాలుగు రోజులుగా ఏది చూడాలని తహతహలాడిందో అదే. చూసింది. ఏమీ అనిపించలేదు. కడుపులో కోపం అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. తనది కాని కంచంలో చెయ్యి పెట్టినట్టుంది.

పొద్దు వాలింది. వదిన లేచింది. పళ్ళెంలో గుడ్డ, నీళ్ళు, దూది తెచ్చుకుంది.

"తల పైకెత్తు. వేళయింది."

మైకమ్మ తల పైకెత్తింది. ఆ వేళ్ళు మెడ మీద కదులుతుంటే ఈసారి ఊపిరి బిగబట్టలేదు. పైకప్పు వంక చూస్తూ, నెమ్మదిగా, భర్త గురించి ఆలోచించసాగింది.

*

ఆయన సాయంత్రం కూతురిని ఆస్పత్రి దగ్గర ఎక్కించుకుని కలిసే వచ్చాడు. ముందుగా లోపలికొచ్చిన కూతురి అరచేతిలో మైకమ్మ 'టైపు చేసింది నాన్న' అని రాసింది. కూతురు ఆ చెయ్యి మూసుకుని మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఆయన లోపలికి వచ్చి మైకమ్మ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

"వేళ్ళలో కదలిక వస్తుందంటున్నారు. కొన్నాళ్ళు పడుతుందట," అన్నాడు. "మెడలో ఫోన్ మళ్ళీ వేసుకున్నావు. సంతోషం. నాతో కూడా ఒక్క మాట మాట్లాడరాదూ?"

మైకమ్మ ఆయన మొహం చూసింది. శుభ్రంగా తుడిచిన అద్దాల వెనక కళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. ఆయన కళ్ళు ఎప్పుడూ ఇంతే. పెళ్ళైన కొత్తలో వాటిని చూసే ధైర్యం తెచ్చుకునేది.

ఫోన్ తీసి ఆయన పంపిన మెసేజ్‌లన్నీ వెనక్కి వెనక్కి జరిపింది. సరే. వస్తున్నా. తిన్నావా. అలాగే. మందులు తెచ్చాను. అన్నీ అక్షరాలే. ఇన్నేళ్ళలో ఆయన గొంతుతో పంపిన మాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆయన గొంతు వినిపిస్తే కదిలే మనుషులు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. షాపుకి వచ్చిపోయే పెద్దమనుషులు. ఆయన్ని దేవుడులాంటి మనిషి అనే స్నేహితులు. పోలీస్ స్టేషన్లో ఆయన దగ్గర కళ్ళజోడు చేయించుకున్న ఇన్‌స్పెక్టరు. ఆయన నోటితోనే ఆయన సంగతి విన్నవాళ్ళు ఆ తర్వాత ఎవరు చెప్పినా నమ్మరు.

కొత్త గొంతు చేర్చండి, అన్న చోట నొక్కింది. ఫోన్ ఆయన మోకాలి పక్కన స్టూలు మీద పెట్టి, చెయ్యి ఆయన వైపు చూపింది. నువ్వు మాట్లాడు.

"నేనా?" అన్నాడు ఆయన. మొహం వికసించింది. "నేను మాట్లాడితే వింటావా?"

తల ఊపింది.

"ఏం మాట్లాడను?"

ఏదైనా, అన్నట్టు చెయ్యి తిప్పింది. చాలాసేపు మాట్లాడు, అన్నట్టు చేతులు చాపింది.

ఆయన కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నిజం చెప్పాలంటే, నీతో ఇలా కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళయిందో," అని మొదలుపెట్టాడు. ఫోన్ తెర మీద ఒక గీత ఆయన మాటకి తగ్గట్టు లేస్తూ పడుతూ కదిలింది. "నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నేనెంత నలిగిపోయానో నీకు తెలీదు..."

కూతురు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తండ్రిని చూసింది. తల్లిని చూసింది. తర్వాత తెర మీద కదులుతున్న గీతనీ, దాని కింద 'చప్పుడు లేని చోట రికార్డు చేయండి' అన్న మాటనీ చూసింది.

ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

కూతురు చప్పుడు కాకుండా గది దాటి వెళ్ళి, వీధిలో బండ్ల మోత లోపలికి రాకుండా, కుడిచేత్తో కిటికీ తలుపులు ఒక్కొక్కటే మూసింది.